గాలి తూర్పుకు తిరిగింది

పీతలమొగ దగ్గర కరకట్ట తెగిందన్న సంగతి శ్రీకర్‌కి జీపు ముందు చక్రాలు బురదలో దిగబడ్డాకే తెలిసింది. వెనక ట్రాలీ మీదున్న చిన్న ఫైబర్ పడవ ఒక్క కుదుపుతో ఆగింది. ముందు రోడ్డు ఉండాల్సిన చోట ఉప్పుటేటి నీళ్ళు సుడి తిరుగుతూ పొలాల్లోకి పోతున్నాయి. గండికి అవతల, చాలా దూరాన, తుఫాను షెల్టరు గోడ వానలో మసకగా కనిపిస్తోంది.

అతను వచ్చిన పని అయిపోయింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక రిలే స్తంభం ఉంది. తుఫానుల్ని నీరసింపజేయడానికి సముద్రంలో తేలేసిన గొట్టాలకు విశాఖపట్నం ప్రయోగశాల నుంచి ఆదేశాలు దాని మీదుగానే వెళ్తాయి. తెల్లవారేసరికి అది పలకడం మానేసింది. శ్రీకర్ పడవ దించుకుని మడ చెట్ల మధ్య నుంచి వెళ్ళి, స్తంభమెక్కి, తడిసిన తీగలు మార్చి వచ్చాడు. ఇక వెనక్కి వెళ్ళిపోవడమే అనుకుంటుండగా ఈ గండి.

పడవలోని వైర్‌లెస్ సెట్టు తీసి భార్యని పిలిచాడు. ఇందుమతి ప్రయోగశాలలోనే ఉంది. ఆ గొట్టాలు ఆమె కనిపెట్టినవే.

"ఇందూ, కట్ట తెగింది. బయటికి రాలేను."

కాసేపు గరగర తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె గొంతు ఎప్పటిలాగే నిదానంగా వచ్చింది.

"నువ్వున్న చోటు ఎత్తేనా?"

"ఎత్తే. పక్కన పాత తూము తాలూకు సిమెంటు దిమ్మ ఉంది."

"అయితే అక్కడే ఉండు. జాగ్రత్తగా విను. తుఫాను బందరు మీదకే పోతోంది. నువ్వు దానికి ఎడమ పక్కన ఉన్నావు. నీకు గాలి ముందు ఉత్తరం నుంచి వస్తుంది, తర్వాత పడమటికి తిరుగుతుంది. పడమటి గాలి నీళ్ళని సముద్రంలోకే తోసేస్తుంది. నీ దగ్గరకి ఉప్పెన రాదు. గాలి ఒక్కటే. పడవని ట్రాలీకి గట్టిగా కట్టు, ట్రాలీని దిమ్మకి కట్టు. టైర్లలో గాలి తీసెయ్. పడవ నిండా నీళ్ళు పొయ్యి, బరువుకి ఎగరకుండా ఉంటుంది. అందులోనే పడుకో."

"నీళ్ళల్లోనా?"

"నీళ్ళల్లోనే. జలుబు చేస్తే నేను చూసుకుంటాలే."

శ్రీకర్ నవ్వాడు. ట్రాలీని జీపు నుంచి విడదీసి, పడవ మూతిని ఉత్తరానికి తిప్పి, టైర్లలో గాలి తీస్తూ ఉండగా కట్ట కింద ఒక రేకుల ఇంటి తలుపు తెరుచుకుంది. నడివయసు దాటిన ఆవిడ చీర చెంగు నెత్తిన కప్పుకుని గాలికి ఎదురీదుతూ పైకొచ్చింది.

"ఏవయ్యా, ఆ పడవలో మాకు చోటుందా?"

శ్రీకర్ నిర్ఘాంతపోయాడు. ఈ ఊరిని నిన్ననే ఖాళీ చేయించారు. బస్సులు నిండుగా వెళ్ళడం అతను కళ్ళారా చూశాడు.

"మీరు వెళ్ళలేదా?"

"ఎట్టా ఎల్తాను? మాయన లేవలేడు. పచ్చవాతం. పోయినేడు ఇట్టాగే బస్సెక్కించి షెల్టర్లో కటికి నేల మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి. తీరా చూస్తే తుపానూ లేదు, గిపానూ లేదు. గొట్టాలు మింగేసినాయన్నారు. ఈసారీ అంతేలే అని తలుపేసుక్కూకున్నాం. ఇప్పుడు రేకులు లేస్తన్నాయి."

ఆమె పేరు తిరపతమ్మ. ఆమె భర్త ఏడుకొండలు ఒకప్పుడు ఇదే మొగలోంచి వేటకి వెళ్ళినవాడు. ఇప్పుడు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట సగమే వస్తుంది. శ్రీకర్ అతన్ని భుజాన వేసుకుని తెచ్చి పడవ వెనక భాగంలో కుడి అంచుకి ఆనించి కూర్చోబెట్టాడు. పడవలో రెండే లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ఒకటి తిరపతమ్మకిచ్చాడు. రెండోది ఏడుకొండలుకి తొడగబోతే పడిపోయిన చెయ్యి తిరగలేదు. ఆయన బాధగా మూలిగాడు. చెయ్యి బయటే ఉంచి, జాకెట్టు ఒంటి చుట్టూ తిప్పి బకిల్ పెట్టాడు.

తర్వాత, ఉప్పెన రాదని, ఈ బరువు గాలికేనని శ్రీకర్ చెబుతుండగా ఇద్దరూ కలిసి బక్కెట్లతో నీళ్ళు తోడి పడవలో పోశారు. పడవని నాలుగు మూలలా నైలాన్ పట్టీలతో ట్రాలీకి, ట్రాలీని దిమ్మకి బిగించాడు. మళ్ళీ సెట్టు తీశాడు.

"ఇందూ, ఇక్కడ ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురం పడవలో ఉంటాం."

"ఎవరు వాళ్ళు?"

అతను పేర్లు చెప్పాడు. ఆమె ఏదో అనబోయింది. అంతలో గాలి సెట్టుని అతని చేతిలోంచి లాక్కుని పడవలోని నీళ్ళలో పడేసింది.

*

ఇందుమతి తన మొదటి గొట్టాన్ని డాబా మీద నీళ్ళ డ్రమ్ములో పరీక్షించింది. అప్పటికి వాళ్ళకి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మే నెల ఎండకి డ్రమ్ములో పైనీళ్ళు కాగి ఉన్నాయి, అడుగున మాత్రం చల్లగా ఉన్నాయి. ప్లాస్టిక్ పైపుకి ఒకవైపే తెరుచుకునే మూత బిగించి, పైన బెండు కట్టి, డ్రమ్ముని ఊపమని శ్రీకర్‌కి చెప్పింది. ఊపిన ప్రతిసారీ అడుగు నీళ్ళు పైపులోంచి పైకొచ్చి పొర్లాయి. అతను చెయ్యి ముంచి చూసి, "చల్లబడిందే!" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఆ నీళ్ళతోనే స్నానం చేశారు.

సముద్రంలో ఊపే పని అలలే చేస్తాయి. తుఫానుకి తిండి వెచ్చటి నీళ్ళు. దాని దారిలో నీళ్ళు చల్లబడితే అది నీరసిస్తుంది. తీరం వెంబడి వేల గొట్టాలు వరసలు వరసలుగా దించారు. వాటిని బాగుచేస్తూ తిరిగే పని శ్రీకర్ తీసుకున్నాడు. నిరుడు వచ్చిన తుఫాను తీరం చేరకముందే చినుకులుగా మారిపోయింది. ఇందుమతికి ఊరూరా సన్మానాలు చేశారు. బందరులో ఒక హోటలతను ఆమె దగ్గర టిఫిన్ డబ్బులు కూడా తీసుకోలేదు.

ఈ తుఫాను అలాంటిది కాదు. రెండు రోజులుగా గొట్టాలన్నీ తెరిచే ఉన్నా అది ఎక్కడా తగ్గలేదు. తెర మీద దాని కన్ను గుండ్రంగా, శుభ్రంగా, బందరుకి సూటిగా వస్తోంది.

డైరెక్టర్ వరదాచారి ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"బందరులో ఎంతమందిని తరలించారు సార్?" అని అడిగింది.

"సగం కూడా కాదు. ఊరు కదలనంటోంది. ఆస్పత్రి అలాగే ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "మీ గొట్టాలున్నాయిగా, మాకేంటి అంటున్నారట."



"దక్షిణం వరసలు మూసేసి, ఉత్తరం వరసలు మాత్రం తెరిచి ఉంచితే?" అన్నాడాయన.

ఆ లెక్క ఆమె అప్పటికే కట్టి చూసుకుంది. తుఫానుకి ఒక పక్క చల్లగా, ఒక పక్క వెచ్చగా ఉంటే అది వెచ్చని పక్కకి ఒరుగుతుంది.

"ఎడమకి వంగుతుంది. ముప్పై, నలభై కిలోమీటర్లు."

"బందరు తప్పుతుందా?"

"తప్పుతుంది."

"మరి ఎటు పోతుంది?"

"మడ అడవుల మీదకి. పీతలమొగకి కాస్త దక్షిణాన తీరం దాటుతుంది."

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "అదంతా నిన్ననే ఖాళీ చేయించాం కదా."

"ముగ్గురున్నారు సార్. ఒకతను నా భర్త."

గదిలో మిగతావాళ్ళు పని చేస్తున్నట్టు నటించడం కూడా మానేశారు. వరదాచారి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన మంచివాడు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇందుమతిగారూ, మీరు కాసేపు బయటికి వెళ్ళి రండి. నేను చూసుకుంటాను. మీకు తెలియకుండా జరిగినట్టుంటుంది."

"నాకు తెలియకుండా ఎలా జరుగుతుంది సార్?"

ఆమె వైర్‌లెస్ ముందు కూర్చుంది. "శ్రీకర్, పట్టీలు కొయ్యి. నీళ్ళు తోడెయ్యి. ఉప్పెన నీ వైపు వస్తుంది. పట్టీలు కొయ్యి." గరగర. మళ్ళీ చెప్పింది. పీతలమొగకి దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషన్‌కి ఫోను చేయించింది. అక్కడి నుంచి ఎవరూ కదిలే పరిస్థితి లేదు. మళ్ళీ సెట్టు అందుకుంది. చెప్పిన మాటే చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది.

పడవని గట్టిగా కట్టమన్నది తనే. నీళ్ళు నింపమన్నది తనే. పడమటి గాలికైతే ఆ సలహా సరైనదే. ఉప్పెన వస్తే మాత్రం ఆ పడవ కట్టేసిన రాయి. శ్రీకర్ ఏదైనా కడితే ఊడదని ఆమెకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో బట్టలారేసుకునే తాడు కట్టాడు, అది ఇప్పటికీ అలాగే ఉంది.

"ఇంక ఆలస్యమైతే వంగదు," అన్నాడు వరదాచారి చాలా మెల్లగా.

ఆమె సెట్టు పక్కన పెట్టి కంప్యూటర్ వైపు తిరిగింది. ఆదేశం టైపు చేసింది. ఒకసారి తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది. శ్రీకర్ బాగుచేసిన స్తంభం దాన్ని అందుకుని సముద్రానికి అప్పగించింది. తెర మీద దక్షిణం వైపు గొట్టాలని చూపే పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

*

పడవలో ముగ్గురూ నడుము లోతు నీళ్ళలో, టార్పాలిన్ కింద తలలు దాచుకుని ఉన్నారు. గాలి చప్పుడు ఒక స్థాయి దాటాక చప్పుడులా లేదు, ఒంటిమీద మోపిన బరువులా ఉంది. తిరపతమ్మ ఇంటి రేకులు ఒకటొకటిగా లేచిపోయాయి. తర్వాత గోడలు పోయాయి. ఆమె అటు చూడకుండా భర్త తల తన ఒళ్ళో పెట్టుకుని, ముఖానికి వాన తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. జీపు ఎప్పుడు గండిలోకి జారిందో ఎవరూ చూడలేదు. పట్టీలు మాత్రం కదల్లేదు. ట్రాలీ వణికింది, పడవ వణికింది, లేవలేదు.

శ్రీకర్ సెట్టు తుడిచి, దులిపి, కొట్టి చూశాడు. అది పలకలేదు.

మధ్యాహ్నం దాటాక వాన అతని కుడి చెంపకి తగలడం మొదలైంది. పొద్దుట్నుంచీ నుదుటికి కొడుతున్న వాన అది. మొదట పట్టించుకోలేదు. చెంప మండిపోతుంటే తల తిప్పుకున్నాడు. అప్పుడు ఆగి, పడవ మూతి దగ్గరున్న దిక్సూచి మీద నీళ్ళు తుడిచి చూశాడు. పడవ తిరగలేదు. మూతి ఉత్తరానికే ఉంది. గాలే తిరిగింది. పడమటికి తిరగాల్సిన గాలి తూర్పుకు తిరిగింది.

తుఫాను తనంతట తాను ఇంత దగ్గరకొచ్చాక ఇలా మెలి తిరగదు. దాన్ని ఎవరో తిప్పారు. ఆ ఎవరో ఎవరన్నది అతను ఆలోచించనక్కర్లేకపోయింది. ఆమె తనని పిలిచి పిలిచి ఉంటుందన్నదీ తెలుసు. కోపం రాలేదు. తర్వాత చూపు పట్టీల మీదకి పోయింది.

"అమ్మా, నీళ్ళొస్తాయి," అన్నాడు తిరపతమ్మ చెవిలో.

"రావన్నావుగా?"

"అప్పుడు రావు. ఇప్పుడొస్తాయి. గాల్ని తిప్పారు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. భర్త తలని ఇంకాస్త దగ్గరకి తీసుకుంది.

శ్రీకర్ పడవ అడుగున ఉన్న బిరడా పీకాడు. నింపిన నీళ్ళు ట్రాలీ మీదుగా కట్ట మీదకి కారిపోసాగాయి. బరువు తగ్గేకొద్దీ పడవ పట్టీల మీద ఎగిరెగిరి పడింది. ఇప్పుడే కోస్తే గాలి తిరగేస్తుంది. నీళ్ళు వచ్చాక కోద్దామంటే చెయ్యి అందకపోవచ్చు. అతను కత్తి పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. తూర్పున మడ చెట్ల తలలు వరసగా ఊగుతున్నాయి. చూస్తుండగానే చివరి వరస కనపడలేదు. తర్వాత దాని ముందు వరస.

బిరడా మళ్ళీ బిగించాడు. నీళ్ళు కట్ట ఎక్కి, టైర్లు ముంచి, పడవ అడుగుని తాకాయి. ముందు పట్టీలు రెండూ కోశాడు. మూతి లేచింది. వెనక ఎడమ పట్టీ కోశాడు. పడవ అడ్డం తిరిగి తూము దిమ్మకేసి కొట్టుకోబోతే తెడ్డు అడ్డం పెట్టి ఒంటి బలమంతా మోపాడు. ఇక తెడ్డు వదిలితే పడవ పగిలిపోతుంది. వెనక కుడి పట్టీ ఒక్కటి మిగిలింది. అది పడవ తోకని కిందకి లాగుతోంది. అంచు మీదుగా నీళ్ళు లోపలికి పడుతున్నాయి.

"కత్తి," అన్నాడు ఏడుకొండలు. పొద్దుట్నుంచీ ఆయన అన్న మాట అదొక్కటే.

శ్రీకర్ కత్తిని వెనక్కి విసిరాడు. తిరపతమ్మ తీసి భర్త కుడి చేతిలో పెట్టింది. ఆయన అంచు మీదకి ఒరిగి, మెడదాకా నీళ్ళలో ఉండి, పట్టీని రంపంలా కోయడం మొదలుపెట్టాడు. తిరపతమ్మ ఆయన జాకెట్టుని రెండు చేతులా పట్టుకుంది.

పట్టీ తెగింది. తోక ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఏడుకొండలు అవతలికి పోయాడు.

తిరపతమ్మ వదల్లేదు. ఆయన బరువుకి ఆమె కూడా అంచు మీద సగందాకా వెళ్ళిపోయింది. శ్రీకర్ తెడ్డు వదిలేసి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. అల ఒకటి వాళ్ళ మీదుగా పోయింది. నీళ్ళు దిగాక ఆమె చేతుల్లో జాకెట్టు ఉంది, బకిల్ పెట్టిందే. చెయ్యి దూర్చని పక్క నుంచి మనిషి జారిపోయాడు.

ఆమె పిలిచింది. ఆ గాలిలో పిలుపు ఆమెకే వినపడి ఉండదు. పడవ కట్టని దాటి, పొలాల మీదుగా, చెత్తతోనూ చచ్చిన గొడ్లతోనూ కలిసి పడమటికి కొట్టుకుపోయింది. శ్రీకర్ బక్కెట్‌తో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. ఎక్కడో తాటితోపులో పడవ ఇరుక్కుని ఆగేసరికి సాయంత్రమైంది. గాలి తగ్గింది. తిరపతమ్మ జాకెట్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరు తిప్పారయ్యా గాల్ని?" అని అడిగింది.

శ్రీకర్ కొక్కేనికి మిగిలిన పట్టీ ముక్కని విప్పసాగాడు.

*

బందరులో మర్నాడు మామూలుగా కొట్లు తీశారు. కొన్ని చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, అంతే. టీ కొట్ల దగ్గర జనం తుఫాను ఈసారీ తుస్సుమందని చెప్పుకున్నారు. ఆస్పత్రిలో ఆ పొద్దున ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇందుమతి ప్రయోగశాల కారులో ఆ ఊరి మీదుగా వచ్చింది. ఒక కూడలిలో ఎవరో ఆమెని గుర్తుపట్టి నమస్కారం పెట్టారు.

శ్రీకర్ బతికున్నాడన్న కబురు ఆమెకి అప్పటికే అందింది. మిగతాది దారిలో తెలిసింది. తలుపులేసుకుని ఉండిపోయినవాళ్ళు పీతలమొగలోనే కాదు, ఆ తీరమంతా ఉన్నారు. ముసలివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, వాళ్ళని వదిలి పోలేనివాళ్ళు. ఎంతమందో ఇంకా ఎవరూ చెప్పలేకపోతున్నారు. ముగ్గురే అనుకుని ఆమె ఆదేశం కొట్టింది.

కారు గండి దగ్గర వదిలి, పడవలో దాటి ఆమె కట్టెక్కేసరికి షెల్టర్ల నుంచి తిరిగొచ్చిన ఊరివాళ్ళు, ఉప్పెన నీళ్ళు వెనక్కి పోయిన వైపు, మడ చెట్ల మధ్య బురదలో వెతుకుతున్నారు. శ్రీకర్ వాళ్ళతోనే ఉన్నాడు. ఆమెని చూసి పైకొచ్చాడు. అతని అరచేతులకి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"నిన్నంతా పిలిచాను," అంది.

"సెట్టు నీళ్ళలో పడింది."

"నువ్వైతే ఏం చేసేవాడివి?"

"అదే చేసేవాణ్ణి," అన్నాడు. "ఆ జాకెట్టు సరిగా తొడగాల్సింది నేను. అది నా మీదే ఉంది. ఇప్పుడు ఇంటికి రమ్మని మాత్రం అడక్కు, ఇందూ."

ఆమె అడగలేదు. చెయ్యి పట్టుకోబోయి, గుడ్డపీలికలు చూసి ఆగిపోయింది.

తిరపతమ్మ మోకాళ్ళ దాకా బురదతో కింద నుంచి వచ్చింది. ఇందుమతిని కిందనుంచి పైదాకా చూసింది. ఎవరో అప్పటికే ఆమెకి చెప్పినట్టున్నారు.

"గాల్ని ఇటు తిప్పింది నువ్వేనా?"

"నేనే," అంది ఇందుమతి.

"మేం ఇక్కడున్నామని తెలిసే తిప్పావా?"

వరదాచారి నేర్పి పంపిన జవాబు ఒకటుంది. బందరులో ఎంతమంది బతికారో చెప్పే జవాబు. అందులో అబద్ధం లేదు. దాన్ని ఆమె దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చింది.

"తెలిసే తిప్పాను," అంది.

తిరపతమ్మ తల ఊపింది. "మా అయ్య సముద్రంలోనే పోయాడు. మా బావ పోయాడు. ఎవర్నీ ఏమీ అన్లేదు. సముద్రాన్ని ఏమంటాం? ఇప్పుడట్టా కాదుగా." చెంగుతో ముఖం తుడుచుకుంది. "నీ పేరేందమ్మా?"

"ఇందుమతి."

ఆమె ఆ పేరు పలికి చూసింది. మొదట తప్పు పలికింది. ఇందుమతి మళ్ళీ చెప్పింది. మరిచిపోకూడని పేరులా తిరపతమ్మ పెదాలు కదుపుతూ ఇంకోసారి అనుకుంది. ఈసారి సరిగా వచ్చింది.

తర్వాత మడ చెట్లలో దూరంగా, ఎవరూ లేని పక్కకి చెయ్యి చూపించింది.

"దిగు. అటేపు ఇంకా ఎవరూ ఎతకలేదు."

ఇందుమతి చెప్పులు కట్ట మీద విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బురదలోకి దిగింది.